మూడో పిలుపు

తవిటయ్యకు తన కథ చెప్పడం బాగా వచ్చు. టాటానగర్ సాక్చీ బజారులో రేకు పెట్టెల దుకాణం పెట్టి పాతికేళ్లు దాటింది. పెట్టె కొనడానికి వచ్చినవాడు తెలుగువాడని తెలిస్తే చాలు, స్టూలు జరిపి కూర్చోబెట్టి, టీ తెప్పించి కథ మొదలుపెట్టేవాడు. టీ చల్లారేలోపు కథ అయిపోయేది. అప్పటికి ఆ వచ్చినవాడు చిన్న పెట్టె మీంచి చూపు తీసి పెద్ద పెట్టెను చూస్తూ ఉండేవాడు.

ఆ కథ ఇది. పంతొమ్మిది వందల యాభయ్యో సంవత్సరం. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. నాగావళి ఏటి అవతల గొర్రెలు కాసుకునేవాడు టాటానగర్ స్టేషన్లో రైలు దిగాడు. సాయంకాలం పూట ఉక్కు కార్ఖానా వెనక గుట్ట మీంచి స్లాగు, అంటే కరిగిన ఇనుప చిట్టెం, పారబోస్తుంటే ఆకాశం సగం ఎర్రబడటం చూశాడు. ఇనుమునే నీళ్లలా పారించే ఊళ్లో నాకింత చోటుండదా అనుకున్నాడు. రేకుల గోదాములో కూలికి చేరాడు. మిస్త్రీల పక్కన కూర్చుని కత్తెర పట్టడం నేర్చాడు. రెండేళ్లు తిరిగేసరికి సొంతంగా పెట్టె చేసి, తల మీద పెట్టుకుని క్వార్టర్లన్నీ తిరిగి అమ్మాడు. ఇవాళ ఈ దుకాణం, వెనక షెడ్డు, భాలుబాసాలో సొంత ఇల్లు. "అంతే బాబూ. వొచ్చినప్పుడు సేతిలో ఏటీ నేదు" అని ముగించేవాడు.

ఇందులో అబద్ధం లేదు. కాకపోతే రేకు పనివాడికి ఒక అలవాటుంటుంది. రేకు పరిచి, పెట్టెకు ఎంత కావాలో అంతే గీత గీసి, మిగతాది కత్తెరతో వేరు చేసి పక్కకు నెట్టేస్తాడు. కొన్నవాడు పెట్టెను చూస్తాడు గాని ఆ ముక్కలేమయ్యాయని అడగడు. తవిటయ్య కథలో పక్కకు పోయిన ముక్కను గురించి కూడా అలాగే ఎవరూ అడగలేదు.

అడిగినవాడు సీతారామరావు. కార్ఖానా టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి, కాసిడీహ్‌లో ఉన్న తెలుగు సంఘానికి కార్యదర్శి. సంఘం ఏటా వార్షికోత్సవంలో స్వయంకృషితో పైకొచ్చినవాణ్ని ఒకణ్ని వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, అతని జీవితాన్ని చదివి వినిపిస్తుంది. ఎనభై ఒకటిలో ఆ వంతు తవిటయ్యకు వచ్చింది. జనవరి నెలాఖరున సీతారామరావు నోటుబుక్కు పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"ఒక్క పేజీ చాలు తవిటయ్యగారూ. వింటే మన పిల్లలకు మనమూ ఏదో చెయ్యాలి అనిపించాలి. అంతే."

తవిటయ్య టీ తెప్పించి కథ చెప్పాడు. సీతారామరావు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. అంతా అయ్యాక కలం మూత పెట్టబోయి ఆగాడు.

"ఊరినుంచి ఎవరితో వచ్చారు? ఒక్కరే వచ్చారా?"

ముప్ఫై ఏళ్లలో ఎవరూ వేయని ప్రశ్న. తవిటయ్య గ్లాసు అడుగున మిగిలిన టీ చూశాడు.

"ఒక్కణ్నే" అన్నాడు.

సీతారామరావు రాసుకున్నాడు. పదం బాగుండదనుకున్నాడేమో, కొట్టేసి 'ఒంటరిగా' అని మార్చాడు. తవిటయ్యకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. తలకిందులుగా ఉన్నా ఆ మాటను పోల్చుకున్నాడు. నోటితో దాటేయడం వేరు, అదే మాట కాగితం మీద కూర్చుని తన వైపు చూడటం వేరు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు భార్య జగదాంబతో ఈ సంగతి అన్నాడు. ఆమెదీ అదే ఊరు, వరసకు మేనకోడలు. పులుసు వడ్డిస్తూ ఆగింది.

"పద్నాలుగు మందితో వొచ్చినోడివి, ఒంటరిగా వొచ్చీడం ఏటి మావా?"

"అదంతా సెప్పితే ఎవులికి పనికొత్తాది?"

"నీ జోడీ నీలకంఠానికి పనికొత్తాది" అంది ఆమె, మిగిలిన పులుసు వడ్డించి.

నిజానికి తవిటయ్య పని వెతుక్కుంటూ రాలేదు, ఆడటానికి వచ్చాడు. వాళ్లది తప్పెటగుళ్ల దళం. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, పాడుతూ గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట అది. యాభైలో ఇక్కడి తెలుగు కూలీలు అమ్మవారి పండక్కి పిలిపిస్తే పద్నాలుగు మంది రైలెక్కి వచ్చారు. పద్నాలుగు మందంటే ఏడు జోడీలు. ఒకడు ముందుకు అడుగు వేస్తే ఎదుటివాడు వెనక్కి వేస్తాడు, ఒకడు వంగితే ఎదుటివాడు లేస్తాడు. జోడీలో ఒకడు రాకపోతే రెండోవాడు కూడా ఆటలో లేనట్టే. తవిటయ్యకు జోడీ నీలకంఠం. పన్నెండో ఏట నుంచి ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు. నీలకంఠం కాలు ఎటు లేస్తుందో చూడకుండానే తవిటయ్య కాలికి తెలిసేది.

మూడు రోజులు ఆడారు. తిరిగి వెళ్లే రోజున తవిటయ్య స్లాగు పారబోయడం చూసి వస్తానని వెళ్లాడు. అక్కడే ఒక గోదాము మేస్త్రీ పనికి వస్తావా అని అడిగాడు. తవిటయ్య స్టేషనుకు వచ్చాడు గాని దళం దగ్గరకు పోలేదు. ప్లాట్‌ఫారం మీద పార్శిలు మూటల వెనక నిలబడ్డాడు. రైలు కూత వేశాక నీలకంఠం పెట్టెలోంచి దిగి, మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. మూడూ వినబడ్డాయి. ఒక్కదానికీ పలకలేదు. పలికితే వెళ్లిపోవాల్సి వస్తుందని తెలుసు.

తరవాత ఊరికి పెళ్లికి ఒకసారి, తల్లి పోయినప్పుడు ఒకసారి వెళ్లాడు. రెండుసార్లూ నీలకంఠం వేరే ఊళ్లో ఆటకు వెళ్లి ఉన్నాడు. అలా అని తవిటయ్య చెప్పుకునేవాడు. ఆట లేని రోజులు చూసుకుని వెళ్లొచ్చుగా అని జగదాంబ ఎప్పుడూ అనలేదు.

వ్యాపారి లెక్క ప్రకారం చూస్తే ఆ రోజు చేసింది తప్పు కాదు. ఊళ్లో ఉండుంటే ఇంకా గొర్రెల వెనకే ఉండేవాడు. ఈ దుకాణం లేదు, ఇల్లు లేదు, పిల్లల చదువు లేదు. ఇదంతా త్రాసులో ఒక పక్క పెడితే రెండో పక్కన ఉన్నది కాలి గజ్జెల జత. అయినా మాఘమాసం వచ్చేసరికి, షెడ్డులో మిస్త్రీలు సుత్తులతో రేకు మట్టం చేసే చప్పుడు ఒక వరసలో పడగానే, గల్లా ముందు కూర్చున్న తవిటయ్య మడమ నేలను తడుతుండేది. ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు. ఇన్నేళ్లలో ఆ త్రాసు ఏ పక్కకు వంగిందో అతనికి తేలలేదు.

మర్నాడు సీతారామరావు ఇంటికి తనే వెళ్లాడు.

"నాకో మాటియ్యాలి రావుగారూ. శాలువా కప్పీ రోజు ఆట మా ఊరి తప్పెటగుళ్లు ఎట్టండి. రానూ పోనూ రైలు, తిండి, పడక నాది."

సీతారామరావు ఇబ్బందిగా నవ్వాడు. "కుర్రాళ్లు ఆర్కెస్ట్రా అంటున్నారండి."

"ఆళ్లనీ ఎట్టండి. మావోళ్ల తరవాత ఎట్టండి."

"మరీ రెండు ప్రోగ్రాములు…"

"అయితే శాలువా మానీండి. కుర్చీ మానీండి. ఆట ఎట్టండి."

బేరంలో ఏది వదులుకుంటే ఎదుటివాడు కంగారుపడతాడో తవిటయ్యకు తెలుసు. తవిటయ్య పేరుతో ఆహ్వానపత్రాలు అప్పటికే అచ్చుకు వెళ్లాయి. సీతారామరావు ఒప్పుకున్నాడు. ఊరికి ఉత్తరం వెళ్లింది. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. దళం వస్తోంది, నీలకంఠమే ఇప్పుడు దళానికి పెద్ద.

ఆ వారం తవిటయ్య షెడ్డులో తనే కూర్చుని రేకు గీశాడు. పదేళ్లుగా కత్తెర పట్టని యజమాని కత్తెర అడిగేసరికి మిస్త్రీ వింతగా చూశాడు. గుండ్రటి బిళ్ల కోసి, అంచు మడిచి, చుట్టూ పట్టీ వేసి అతుకు పెడుతుంటే మిస్త్రీ ఆగలేక అడిగాడు.

"సేఠ్‌జీ, యే రోటీ కా డబ్బా హై క్యా?"

"రొట్టెల డబ్బాయే" అన్నాడు తవిటయ్య తలెత్తకుండా.

కొడుకు ఆదిబాబుకు మాత్రం అర్థమైంది. ఇంట్లో ఎవరు తెలుగులో మాట్లాడినా హిందీలో జవాబు చెప్పే కొడుకు. "నాన్నా, ఆప్‌కో స్టేజ్ పర్ బైఠ్‌నా హై, నాచ్‌నా నహీ" అన్నాడు. వేదిక మీద కూర్చోవలసినవాడివి, ఎగరవలసినవాడివి కాదని. తవిటయ్య వినిపించుకోలేదు. మధ్యాహ్నం పూట దుకాణం మూసి ఉన్నప్పుడు, షెడ్డులో పెట్టెల వరసల మధ్య, పంచె ఎగ్గట్టి అడుగులు వేసి చూసుకున్నాడు. పది అడుగులకే ఊపిరి అందలేదు. పెట్టె మీద కూర్చుని, ఆయాసం తగ్గాక మళ్లీ లేచాడు. అతని కోరిక ఒక్కటే. నీలకంఠం ఎదురుగా నిలబడి ఒక్క జోడీ అడుగు వేయాలి. ఒక్కటి చాలు.

ఆట రోజు పొద్దున్నే దళం టాటానగర్‌లో దిగింది. పద్నాలుగు మంది, సంచులు, గుడ్డ చుట్టిన తప్పెటలు. అందరికన్నా వెనక సన్నగా, నల్లగా, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి దిగి, దండ పట్టుకుని నిలబడ్డ తవిటయ్యను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఒరే తవిటిగా, ఇద్దరు మనుషులైపోనావేట్రా" అన్నాడు.

తవిటయ్య నవ్వాడు. దండ వేయడం కూడా మరిచి, అతని సంచి అందుకున్నాడు.

మిగతావాళ్లను సంఘం హాల్లో దింపి, నీలకంఠాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. జగదాంబ చేతి అన్నం తిని, వరండాలో చుట్ట వెలిగించాక, తవిటయ్య లోపల్నుంచి తను చేసిన తప్పెట తెచ్చి ఒళ్లో పెట్టాడు. నీలకంఠం వేళ్లతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ తట్టాడు.

"గట్టిగా సేసినావు. ఇంత మందం రేకెయ్యకూడదురా, మరిసిపోనావు. పెళ్లోరు సామాను బండి ఎక్కిత్తన్నట్టుంది సప్పుడు."

"ఓపాలి నీ ఎదర నిలబడాలనుంది బావా" అన్నాడు తవిటయ్య. "ఈ సాయంత్రం. ఒక్క అడుగు."

నీలకంఠం తప్పెటను మెల్లగా అరుగు మీద పెట్టాడు.

"నీకో సంగతి సెప్పాల. విన్నాక తిడితే తిట్టు. నీ కత మా ఆటలో ఉంది."

"నా కతా?"

"ముప్పై ఏళ్లై సెప్తన్నాను. అమ్మోరి కత మజ్జిలో జనం కునుకుతారు గదా, లేపడానికి. ఇనుం వంట సూడ్డానికెల్లిన గొల్లోడి కత. ఇనుం ఉడికిందా నేదా అనీసి మెతుకు పట్టి సూడబోతాడు, ఏళ్లు కాల్తాయి. ఉప్పు సరిపోయిందా అనీసి అడుగుతాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. మన పక్క ముప్పై ఊళ్లలో నీ పేరు తెలీనోడు నేడు."

తవిటయ్య ముఖం వేడెక్కింది. ఇన్నేళ్లూ తను స్టూలు వేసి, టీ ఇచ్చి, ఒక్కొక్కరికి చెప్పుకున్నది ఒక కథ. అక్కడ తెర కట్టకుండా, ఎవరూ అడగకుండా, వందల మంది ఒక్కసారిగా వింటున్నది ఇంకో కథ. దానిలో తను వేళ్లు కాల్చుకున్న వెర్రివాడు.

"సివర ఏటవుతాది?"

"సివర రైలు టేసను. జోడీ దిగి పిలుత్తాడు. మూడుసార్లు. పిలిసినప్పుడల్లా జనం 'రాడు' అంటారు. ఎవులూ నేర్పనేదు, ఆళ్లే మొదలెట్టీసినారు. ఆ మూడో రాడు అన్నాక నాను జోడీ అడుగేత్తాను. ఒక్కణ్నే. నా ఎదర ఎవుల్నీ నిలబెట్టను. మిగతా ఆటంతా నాకు జోడీ ఉన్నాడు, మంచోడే. ఆ ఒక్క అడుక్కీ రానివ్వను. అప్పటిదాకా నవ్వినోళ్లు అప్పుడు నవ్వరు."

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"నాకు వినపడ్డాది బావా" అన్నాడు తవిటయ్య. "మూడూ వినపడ్డాయి. పార్శిలు మూటల ఎనక ఉన్నాను."

"తెల్సు. మూటల కింద నీ కాళ్లు కనపడ్డాయి. గజ్జెల మచ్చలు."

"ఎప్పుడు?"

"రెండోసారి పిలిసినప్పుడు."

"మరి మూడోసారి ఎందుకు పిలిసినావు?"

నీలకంఠం చుట్ట బూడిద దులిపాడు. "సూసీసి ఊరుకుంటే నాను ఒదిలీసినట్టవుతాది. పిలిత్తే నువ్వు ఒదిలీసినట్టవుతాది. నానెందుకు మొయ్యాల?" అని, "ఏరే ఊరోళ్లకి ఆ కాళ్ల సంగతి సెప్పనేదు. నా కతలో నువ్వు దారి తప్పిపోనావు. వినపడనేదు నీకు" అన్నాడు.

తవిటయ్య అరుగు మీది తప్పెటను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ సాయంత్రం ఆ ముక్క తీసీత్తాను" అన్నాడు నీలకంఠం. "నీకు శాలువా కప్పుతారంట గదా. పెద్దమనిషివి. నీ ఎదట నిన్ను ఎక్కిరిత్తే బాగోదు."

"తియ్యకు. నాను వొచ్చి నిలబడతాను. మూడోసారి పిలిసినప్పుడు పలుకుతాను."

"పలుకు. నానాపను." నీలకంఠం అతని కళ్లలోకి చూశాడు. "కానీ ఒరే, వొచ్చీసినోణ్ని పట్టుకుని ఊరూరా రాడనమని జనానికి ఎలా సెప్పను? ఆ అబద్ధం నాను ఆడనేను. రేపట్నించి ఆ ముక్క ఉండదు. నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నమంతా తవిటయ్య లెక్క వేసుకున్నాడు. ఒక పక్కన ఒక్క అడుగు. పెట్టె మూత తీసి వేసేంతసేపు ఉంటుంది. దాని కోసమే ముప్ఫై ఏళ్లు మడమ నేలను తట్టింది. రెండో పక్కన ముప్ఫై ఊళ్లు, ఏటా మాఘం నుంచి వైశాఖం దాకా, తను చూడని వెన్నెళ్లలో తన పేరు పెట్టి పిలిచే గొంతు. ఎంత తిప్పి చూసినా రెండూ ఒక పెట్టెలో పట్టలేదు. ఆదిబాబు వచ్చి టైమైందన్నప్పుడు కూడా ఏదీ తేల్చుకోలేదు. తప్పెటను సంచిలో పెట్టి తీసుకెళ్లి, హాల్లో ముందు వరసలో తన కుర్చీ పక్కన ఆనించాడు.

హాలు నిండింది. శాలువా కప్పారు. సీతారామరావు సైక్లోస్టైలు కాగితం పట్టుకుని చక్కటి గొంతుతో చదివాడు. ముందురోజే తవిటయ్య చెప్పి పంపాడు, 'ఒంటరిగా' అన్న మాట కొట్టెయ్యమని. కాపీలు అప్పటికే తీసేశారట. "…ఒంటరిగా ఈ ఉక్కునగరంలో అడుగుపెట్టిన ఆ యువకుడు…" అని సీతారామరావు చదువుతుంటే, తెర పక్కన గజ్జెలు కట్టుకుంటున్న పద్నాలుగు మంది వింటున్నారు. జనం చప్పట్లు కొట్టారు. తవిటయ్యను వేదిక మీంచి దింపి ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆట మొదలైంది. తప్పెటలు ఒక్కసారిగా మోగేసరికి వెనక ఆర్కెస్ట్రా కోసం వచ్చిన కుర్రాళ్లు కూడా సర్దుకుని కూర్చున్నారు. అరగంటకు నీలకంఠం వలయంలోంచి బయటికి వచ్చి, ఇనుము వంట కథ ఎత్తుకున్నాడు. మెతుకు పట్టి చూసే చోట హాలంతా గొల్లుమంది. ఇనుము కాచే ఊళ్లో ఆ హాస్యం ఇంకా బాగా పండింది. తవిటయ్యను చూసి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఆ వెర్రి గొల్లవాడు ఎవరో ఎవరికీ తెలియదు. జగదాంబ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని వైపు చూసింది.

తప్పెటలు ఆగాయి. నీలకంఠం ఒక అడుగు ముందుకు వేసి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, దూరంగా చూస్తూ పిలిచాడు.

"ఒరే తవిటిగా."

హాలు ఊరుకుంది. ఇక్కడివాళ్లకు ఏమనాలో తెలియదు. ముందు వరసలో ఒకరిద్దరు శాలువా కప్పుకున్న పెద్దమనిషి వైపు తిరిగి చూశారు. నీలకంఠం కాసేపు ఆగాడు. వెనక ఎవరో దగ్గారు.

"ఒరే తవిటిగా."

జనం మాట అందకపోతే అడుగు పడదు. వలయంలోని పదమూడు మంది ఒకరినొకరు చూసుకున్నారు. నీలకంఠం గొంతులో ఊరి ఆటల నాటి ధైర్యం తగ్గింది. ఆ గొంతు ఇప్పుడు నిజంగా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి గొంతులా ఉంది. తవిటయ్య చెయ్యి సంచిలోకి వెళ్లి తప్పెట అంచును పట్టుకుంది. 'వత్తన్నా' అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

"ఒరే తవిటిగా."

"రాడు" అన్నాడు తవిటయ్య.

గట్టిగానే అన్నాడు. క్వార్టర్ల మధ్య పెట్టెలమ్ముతూ అరిచిన గొంతు అది. ఎవరో నవ్వారు. వెనక కుర్రాళ్లకు సంగతి అర్థమై "రాడు" అని అందుకున్నారు. ఆడవాళ్ల వైపునుంచి ఇంకోసారి వచ్చింది. నీలకంఠం ముందు వరస వైపు ఒక్క క్షణం చూసి, తప్పెట మీద చెయ్యి వేశాడు.

అడుగు పడింది. ముందుకు, పక్కకు, వంగి, లేచి. ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఎదుటివాడి మోకాలికి తగలకుండా తన మోకాలు తిప్పుకుంటున్నాడు. ఎదుటివాడు లేవడానికి చోటు వదిలి తను వంగుతున్నాడు. కుర్రాళ్ల నవ్వు తగ్గింది.

తవిటయ్య కన్ను అలవాటు కొద్దీ ఆ ఖాళీని కొలిచింది. ఎత్తు, అడ్డం, భుజం నుంచి భుజానికి. నీలకంఠం చోటు కొంచెం కూడా పెంచలేదు. యాభైలో ఎంత వదిలాడో ఇప్పుడూ అంతే వదిలాడు. అందులో ఇరవై ఒక్కేళ్ల బక్కపలచని గొల్లవాడు సరిగ్గా పడతాడు. తను పట్టడు.